ఏడో నంబరు పరుగు

ఈ సీజన్‌లో మా ఇంజిన్స్ ఫుట్‌బాల్ క్లబ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పరుగెత్తినవాణ్ణి నేనే. నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు, మెషీన్ చెప్పింది. దాని లెక్క ప్రకారం నేను వంకర్లు లేకుండా నేరుగా ఉరికి ఉంటే ఈపాటికి బెజవాడ దాటి సముద్రంలో పడి ఉండాలి.

ఆ లెక్క ఎంత నిజమో మొదటి మ్యాచ్‌లోనే తేలిపోయింది. కోచ్ హరికిషన్ సార్ ఆ లెక్కలు చూసి, రెండేళ్ళుగా బెంచీ మీద కూర్చునే నన్ను లేపి రైట్ వింగ్‌లో దింపాడు. మొదటి బంతికి బాగానే ఉరికాను. రెండో బంతికి సగం దూరం పోయాక ఆ కాళ్ళు నావి కావని తెలిసింది. మూడో బంతి వచ్చేసరికి కార్నర్ జెండా పట్టుకుని నిలబడి ఉన్నాను. జెండా లేకపోతే నిలబడి కూడా ఉండేవాణ్ణి కాదు. అవతలి జట్టు డిఫెండరు, మా నాన్న ఈడువాడు, బంతి తీసుకుని పోతూ పోతూ ఆగి, "తమ్మీ, నీళ్ళు తాగుతవా?" అని అడిగాడు. తాగుతానన్నాను.

అసలు జరిగింది ఇది. హరికిషన్ సార్ పూణేలో ఏదో కోర్సు చేసి ఫిబ్రవరిలో మా క్లబ్‌కు వచ్చాడు. వస్తూ ఒక డబ్బా తెచ్చాడు. అందులో అగ్గిపెట్టెంత చిప్‌లు. ప్రాక్టీసుకు ముందు అబ్బాయిలం, అమ్మాయిలు అందరం ఒక పొట్టి నల్ల బనీను వేసుకుని, వీపు మీది జేబులో చిప్ దోపుకోవాలి. ఎంత దూరం ఉరికాం, ఎంత స్పీడుగా ఉరికాం, ఎన్నిసార్లు ఉరికాం, అన్నీ ఆయన ట్యాబ్‌లోకి పోతాయి. చిప్‌లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి అంకెలు కత్తిరించి వాటిమీద అతికించాడు. మా అక్క దేవకృపది 7. నాది 17.

ఏడుకూ పదిహేడుకూ తేడా ఎంత? ఒక్క ఒకటి. నా చిప్ మీది ఒకటిని గోరుతో లేపి, అక్క చిప్ మీద ఏడు ముందు అతికించాను. అంతే పని. అక్క తనది అనుకుని నాది వేసుకుని గ్రౌండ్ దున్నేసింది. నేను అక్కది వేసుకుని గోల్‌పోస్ట్ నీడలో కూర్చున్నాను. సాయంత్రం హరికిషన్ సార్ ట్యాబ్ చూసి, లేచి వచ్చి నా భుజం తట్టాడు. మా నాన్న కూడా ఏనాడూ తట్టని భుజం అది.

ఒక్కసారే చేశాను, తమాషాకు. బైబిల్ మీద చెయ్యి పెట్టమన్నా పెడతాను. ఆ ఒకటిని నేను కదిపింది ఒకే ఒక్కసారి.

నవ్వుకునేది ఇంతవరకే. మిగతాది కోపంగానే చెప్తాను. హరికిషన్ పేరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి.

మాది చిలకలగూడ. నాన్న పర్వతాలు స్టేషన్‌లో పార్సిల్ సామాను మోస్తాడు. అమ్మ రోసమ్మ పట్టుబట్టి మా ఇద్దరికీ చర్చి పేర్లు పెట్టింది. నా పేరు ఆర్థర్. ఎవరా ఆర్థర్ అంటే అమ్మకు కూడా తెలియదు. చర్చి గోడకు ఉన్న పాలరాతి పలక మీద చూసి బాగుందని పెట్టింది. ఎవరో దొరట, కలరా వచ్చి చచ్చిపోయాడట.

అక్క పొద్దున మల్కాజ్‌గిరిలో ఒక మందుల షాపులో పనిచేసి, మధ్యాహ్నం లోకల్ ట్రైన్ దిగి నేరుగా గ్రౌండ్‌కు వస్తుంది. లెఫ్ట్ వింగ్. తను ఉరికితే రైలుకట్ట మీద పోయే గూడ్సు బండి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. రాష్ట్ర జట్టు క్యాంపు పిలుపు రెండేళ్ళు వరసగా స్టాండ్‌బై దాకా వచ్చి ఆగిపోయింది. ఈసారి లీగ్ ఆఖరి మ్యాచ్‌కు సెలెక్టర్లు వస్తారని, వింగర్ చోటు ఒక్కటే ఖాళీ ఉందని తెలిసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నం ఉడికినా, కుక్కర్ కూసినా, అంతా ఆ ఒక్క చోటు కోసమే.

అమ్మ మొక్కుకుంది. భస్మ బుధవారం నుంచి నలభై రోజులు పొద్దంతా ఉపవాసం, చీకటి పడ్డాక ఒక పూట తిండి, మాంసం బంద్. అక్క తనూ ఉంటానంది. నేనూ ఉంటానన్నాను. అమ్మ ఒక్కతే నమ్మింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఉపవాసం ఉన్నవాళ్ళు ఆ సంగతి బయట చెప్పకూడదు. చెబితే దాని ఫలం నోట్లోంచే పోతుందని అమ్మ గట్టి నమ్మకం. తలకు నూనె రాసుకుని, ముఖం కడుక్కుని, పెళ్ళిభోజనం చేసి వచ్చినవాళ్ళలా తిరగాలి. ఈ ఏడాది రంజాన్ రోజాలు కూడా ఒక్క రోజు తేడాతో మొదలయ్యాయి. అక్కతో కలిసి మిడ్‌ఫీల్డ్‌లో ఆడే ఆఫ్షీన్ రోజా ఉందని గ్రౌండ్‌లో అందరికీ తెలుసు. హరికిషన్ సార్ ఆమెకు పరుగులు తగ్గించాడు, మధ్యమధ్య నీడలో కూర్చోమన్నాడు. అక్క ఉపవాసం సంగతి ఆఫ్షీన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ వారమే హరికిషన్ సార్ బోర్డు మీద బొమ్మలు గీసి, ఒంట్లో శక్తి ఎక్కడినుంచి వస్తుందో క్లాసు చెప్పాడు. రాత్రి అన్నాల దగ్గర నాన్న అడిగాడు.

"ఏం చెప్పిండ్రా మీ కొత్త సారు?"

"మనిషి ఒంట్ల మూడు నీళ్ళ ట్యాంకులుంటయట నాయినా."

"నీ దాంట్ల మూడు సుత ఖాళీనే ఉంటయి. చెప్పు."

"మొదటిది మిద్దె మీది ట్యాంకు. నల్లా ఇప్పంగనే దబదబ వస్తది. కని జెరసేపే. నాలుగు ఊపిరిలు గుంజేలోపట ఖతం. బాల్ కోసం ఒక్కసారి ఉరికితే అయిపోయేది గదే. రెండోది ఫోన్ చేస్తే వచ్చే ట్యాంకరు. నీళ్ళు పోస్తది గని గల్లంత బురద చేసి పోతది. కాళ్ళు మండుడు, బరువెక్కుడు, గదంత ఆ బురదే."

"మూడోది?"

"బోరు. సన్నగ వస్తది గని బందు కాదు. మిద్దె మీది ట్యాంకును మల్ల నింపేది గదే. ఉరుకుడికి ఉరుకుడికి నడుమ నిలబడి ఊపిరి గుంజుతం సూడు, అప్పుడు నింపుతదట. మంచి ప్లేయర్ అంటే ఒక్కసారి జోరుగ ఉరికెటోడు కాదట. పదోసారి సుత మొదటిసారి లెక్కనే ఉరికెటోడట."

నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "మరి భూమిల నీళ్ళు లేకుంటే?"

"గదే తిండి. తిండి లేకుంటే బోరు గాలి గుంజుతది."

అమ్మ చేతిలో రొట్టె ఆగింది. అక్క నా తొడ మీద గిచ్చింది. ఆ గిచ్చుడు ఇప్పటికీ నల్లగా ఉంది.

"మరి ఇది పొద్దంత తినకుంట ఎట్ల ఉరుకుతున్నదిరా?" అంది అమ్మ.

"నేను మంచిగనే ఉరుకుతున్నమ్మా," అంది అక్క. "నాకు పైట్యాంకు పెద్దది."

పైట్యాంకు నిజంగానే పెద్దది. అందుకే మొదటి పరుగులో ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

ఉపవాసాలు మొదలైన రెండో వారంలో హరికిషన్ సార్ అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ట్యాబ్ పైకెత్తాడు.

"దేవకృపా, నీ ఉరుకుడు లోడ్ చూడు. మొత్తం క్లబ్‌ల తక్కువ. ప్రాక్టీసుకు వస్తున్నవా, పిక్నిక్‌కు వస్తున్నవా?"

అక్క ఆ తెర వైపు చూసింది, తరవాత తన బూట్ల వైపు చూసింది. బూట్లనుంచి మోకాళ్ళదాకా ఎర్రమట్టే.

"నేను మస్తు ఉరుకుతున్న సార్."

"డేటా గట్ల చెప్తలేదు."

"అలిసిపోతున్న సార్ నేను. లాస్టుకు కాళ్ళు లేస్తలెవ్."

"ఉరకకుండ అలిసిపోయేటోళ్ళను నేనెక్కడ చూడలే. అలిసింది కాళ్ళు కాదు, మనసు. మనసుకు బద్ధకం." ట్యాబ్ మీద వేలితో తోసి ఇంకో గీత చూపించాడు. "గిది మీ తమ్ముడు. చూసి నేర్చుకో."

అందరూ నా వైపు తిరిగారు. నేను వినయంగా తల దించుకున్నాను. వినయం అలవాటు లేక మెడ పట్టేసింది. అక్క కూడా చూసింది. కోపంగా కాదు. ఇంట్లో ఒకరి పరుగైనా బాగుందిలే అన్నట్టు చూసింది. ఆ చూపుకంటే చెప్పు తీసి కొట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి ప్రాక్టీసు అయిపోయి, అందరూ చిప్‌లు తీసి డబ్బాలో పెట్టాక, హరికిషన్ అక్కను ఒక్కదాన్నే ఆపి మళ్ళీ ఉరికించేవాడు. (సార్ అని ఎక్కడ మానేశానో గమనించే ఉంటారు. అక్కడే.) విజిల్ వేస్తాడు, అక్క గీత నుంచి గీతకు ఉరుకుతుంది, ఆయన చేతిలో స్టాప్‌వాచ్ చూసుకుంటాడు. మొదటి రెండుసార్లు మా అబ్బాయిలం ఎవరం అందుకోలేని వేగం. తరవాత భుజాలు చెవులదాకా లేచేవి. తరవాత అడుగులు పొట్టివయ్యేవి. ఆ తరవాత మడమలు నేలకు కొట్టుకుని చప్పుడు వచ్చేది. గోడ పక్కన నిద్రపోయే మేక ఆ చప్పుడుకు తలెత్తి చూసేది. మేకకు కనిపించింది. పూణే మనిషికి కనిపించలేదు. ఆయన స్టాప్‌వాచ్ చూసి తల అడ్డంగా ఊపి, "చూసినవా, మొదటి రెండు గట్ల ఉరికినోళ్ళు మిగతావి ఎందుకు ఉరకరు? బద్ధకం," అనేవాడు.

ఒకసారి నల్లా దగ్గర అక్క, ఆఫ్షీన్ ఇద్దరూ నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఊసేస్తుంటే విన్నాను.

"చెప్పరాదే సార్‌కు, ఉపాసమున్ననని," అంది ఆఫ్షీన్. "లేకుంటే నేను చెప్త."

"చెప్తే నీకు నాకు మాటల్లెవ్."

"ఏం జిద్దే నీది. తక్లీఫుంటే అల్లా మాఫ్ చేస్తడని మా అమ్మీ అంటది."

"మా దేవుడు సుత మాఫ్ చేస్తడే. మా అమ్మ చెయ్యదు."

ఇద్దరూ నవ్వారు. చీకటి పడుతుండగా ఆఫ్షీన్ ఖర్జూరాలు తీసి, ఒకటి తను నోట్లో వేసుకుని, ఒకటి అక్క చేతిలో పెట్టింది. అక్క దాన్ని గింజ కూడా తీయకుండా నోట్లో కుక్కుకుంది. ఆ ఆకలి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు హరికిషన్ విజిల్‌లో కారప్పొడి నింపాను. ఊదగానే ఆయన గ్రౌండ్ చుట్టూ ఎవరూ ఊదకుండానే రెండు రౌండ్లు కొట్టాడు. ఆ రోజు ఆయన చిప్ పెట్టుకుని ఉంటే క్లబ్ రికార్డు పోయేది. అక్క మాత్రం నవ్వలేదు.

"గట్లాంటివి చెయ్యకురా," అంది. "సార్ చెడ్డోడు కాదు. మెషీన్‌ల గట్ల వస్తున్నది. ఎందుకొస్తున్నదో నాకే సమజైతలేదు. నిజంగనే నేను తక్కువ ఉరుకుతున్ననేమోరా."

దీనికి నేనేమన్నానో గుర్తులేదు.

ఇంకో సంగతి జరిగింది, చిన్నదే. ఒక శుక్రవారం సాయంత్రం, అక్క తొందరగా చర్చికి వెళ్ళిపోయాక, డబ్బాలో పదిహేడో నంబరు చిప్ లేదని హరికిషన్ గ్రౌండ్ అంతా వెతికించాడట. నేను ఆకలి మీద బనీను విప్పకుండానే వెళ్ళిపోయాను మరి. శనివారం పొద్దున తెచ్చి ఇచ్చాను, బ్యాగులో పడిపోయిందన్నాను. థాంక్స్ కూడా చెప్పాడు. డేటా బాగున్నవాళ్ళతో ఆయన ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతాడు.

ఆఖరి మ్యాచ్ మార్చిలో, ఎండ దిగకముందే మొదలైంది. నాన్న పనికి సెలవు పెట్టి వచ్చాడు. అమ్మ కొంగు కింద చేతులు జోడించుకుని కూర్చుంది. తెల్ల టోపీలు పెట్టుకున్న ఇద్దరు సెలెక్టర్లు మాకు రెండు వరసల ముందు ఉన్నారు.

మొదటి సగం మీరు చూసి ఉండాల్సింది. అక్క లెఫ్ట్‌లో బంతి అందుకుని బయల్దేరితే వాళ్ళ డిఫెండరు పరుగెత్తడం మానేసి చూస్తూ నిలబడింది. అక్క కొట్టిన క్రాస్‌కు ఆఫ్షీన్ తల పెట్టింది. గోల్. సెలెక్టర్లలో ఒకాయన రెండో ఆయన చెవిలో ఏదో అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఎముక విరిగేట్టు నొక్కింది.

రెండో సగంలో పైట్యాంకు ఖాళీ అయింది. ఒక పరుగు తరవాత అక్క నడుము మీద చేతులు పెట్టుకుని వంగింది. ఇంకో పరుగు తరవాత బెంచీ వైపు చూసి, వేళ్ళు తిప్పి, మార్చమని సైగ చేసింది. ఎప్పుడూ అడగని పిల్ల అడిగింది. హరికిషన్ ట్యాబ్ చూశాడు. నెల రోజుల లెక్కలు ఉన్నాయి కదా అందులో. చూసి, అరచెయ్యి గాలిలో ముందుకు ఊపాడు. ఉరుకు.

నేను మెట్ల మీద లేచి నిలబడి అరిచాను. అరిచినవన్నీ అమ్మ పక్కన ఉండగా అనకూడని మాటలు. తెల్ల టోపీలు వెనక్కి తిరిగి చూశాయి.

తరవాతి బంతి అక్క ముందు పది గజాల్లో పడింది. అందరం లేచాం. అక్క నాలుగు అడుగులు వేసింది. అయిదో అడుగు మధ్యలో చెయ్యి తొడ వెనక్కి పోయింది. ఆగి, ఎవరో వెనకనుంచి రాయితో కొట్టినట్టు వెనక్కి తిరిగింది. కొట్టిందెవరా అని వెతికింది. మా గల్లీలో వెనకనుంచి ఎవరికి ఏది తగిలినా అది నేను విసిరిందే అయి ఉంటుంది కాబట్టి, మెట్ల మీద అంతమందిలో నన్ను వెతికి పట్టుకుని సూటిగా చూసింది. నేను రెండు చేతులూ పైకెత్తి చూపించాను. ఈసారి నేను కాదు, అని.

అప్పుడు కూర్చుంది. మళ్ళీ తనంతట తను లేవలేదు.

తొడ వెనక కండరం చిరిగిందని, వానలు పడేదాకా పరుగు మాట ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. క్యాంపుకు అవతలి జట్టు పిల్లను పిలిచారు. మందుల షాపులో గంటలకొద్దీ నిలబడే పని, అక్క వల్ల కాదు కాబట్టి వాళ్ళు వేరేవాళ్ళను పెట్టుకున్నారు. అక్క మంచం మీద బోర్లా పడుకుని గోడ వైపు చూసేది. తొడ మీద ఐసు కరిగి పక్కంతా తడిసేది. అమ్మ ఉపవాసం ఆపలేదు. దేనికోసమని నాన్న అడిగితే పొయ్యి దగ్గరికి లేచి వెళ్ళిపోయింది.

ఆ వారం కోపంలో నన్ను మించినవాడు జంటనగరాల్లో లేడు. హరికిషన్ బండి టైర్లలో గాలి నేను తీసినన్నిసార్లు ఆ బండి గాలి పీల్చి ఉండదు. కిరాణా కొట్టులో, క్షౌరశాలలో, లోకల్ ట్రైన్‌లో, విన్నవాళ్ళకు, విననివాళ్ళకు చెప్పాను. మనిషిని చూడకుండా తెరను చూసేవాడు కోచ్ ఎలా అవుతాడని అడిగాను. న్యాయం పిచ్చి నాకు అంతకుముందు ఎప్పుడూ అంత గట్టిగా పట్టలేదు. పట్టి వదల్లేదు. చివరికి నాన్న కంచం నెట్టేసి, "నడువుండ్రి. ఆయన్నే అడుగుదాం," అన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక అవే బట్టల్లో క్లబ్ గదికి వెళ్ళాం. అక్క నాన్న భుజం పట్టుకుని కుంటుతూ వచ్చింది. హరికిషన్ ఒక్కడే ఉన్నాడు, చిప్‌లు తుడుస్తున్నాడు.

"కూసోండ్రి అన్నా."

"కూసోనికి రాలే," అన్నాడు నాన్న. "నా బిడ్డ మార్చమని చెయ్యి చూపిచ్చింది. మీరెందుకు మార్చలే?"

"అడుగు నాయినా," అన్నాను. "ప్రాక్టీసయినంక ఒక్కదాన్నే రోజు ఎందుకు ఉరికిచ్చిండో గది సుత అడుగు. బద్ధకమన్నడు అక్కను. అందరి ముంగట అన్నడు."

హరికిషన్ మొహం ఎర్రబడింది. ఆయనకూ వారం నుంచి నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి. "ఆర్థర్, నువ్వు జెర ఆగు. నేను ఊరికె అనలే అన్నా. ఒక్కొక్క రోజుది రికార్డుంది. ఈ పిల్ల ప్రాక్టీసుల ఏం ఉరకలే. తాజాగ ఉన్నదనుకున్న. మీరే చూడుండ్రి."

ట్యాబ్‌ను గోడ మీది టీవీకి కలిపాడు. 7, దేవకృప అని పేరు వచ్చింది. కింద రోజులన్నీ వరసగా ఉన్నాయి. "నెల మొత్తంల ఎక్కువ దూరం పోయిన రోజు గిదొక్కటే," అని ఒక శుక్రవారం మీద నొక్కాడు. "గిది సుత ఉరుకుడు కాదు, నడుసుడే. మ్యాప్ చూపిస్త ఆగుండ్రి. నేను సుత గిది ఎప్పుడు తెరువలే."

మా గ్రౌండ్ బొమ్మ వచ్చింది. నీలిగీత ఒకటి గోల్‌పోస్ట్ పక్కన చుట్టలు చుట్టుకుని ఉంది, నీడ పడే చోట. తరవాత అది గేటు దాటి బయటికి పోయింది.

"గిదేంది?" అన్నాడు హరికిషన్.

గీత రోడ్డు దాటింది. రాంగోపాల్‌పేట్ వైపు తిరిగింది. ఒక గల్లీ మొదట్లో ఆగి, అక్కడే చాలాసేపు మెలికలు తిరిగి ముడి పడింది.

ఆ ఏరియాలో నాన్న బరువు మోయని గల్లీ లేదు. టీవీ దగ్గరికి వెళ్ళి ముడి మీద వేలు పెట్టాడు. "గిది మటన్ హలీం భట్టీ. రంజాన్ అచ్చినప్పటిసంది గీడ లైనుంటది."

"శుక్రవారం పొద్దుగూకంగ దేవకృప నా పక్కన చర్చిల మోకాళ్ళ మీదున్నది," అంది అమ్మ. మెల్లగా అంది, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

గీత ఆ ముడి విప్పుకుని, పాన్ డబ్బా దగ్గర ఒక్క నిమిషం ఆగింది. సోంపు కోసం. తరవాత చిలకలగూడ వైపు వచ్చి, మా ఇంటి మీద ఆగిపోయింది.

మెషీన్ పాడైందని చెబుదామని నోరు తెరిచాను.

"ఆ శుక్రవారం డబ్బాల తక్కువైంది ఏడు కాదు," అన్నాడు హరికిషన్. "పదిహేడు." డబ్బాలోంచి రెండు చిప్‌లు తీసి అరచేతిలో పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకదాని మీద ఒకటి కొంచెం వంకరగా ఉంది. రెండోదాని మీద, ఏడుకు ముందు, జిగురు మరక. ఆయన బొటనవేలితో ఆ మరకను రుద్దాడు.

అమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వు సుత ఉపాసమున్ననంటివి గదరా," అంది అమ్మ.

ఉపాసం అన్న మాటకు హరికిషన్ తల ఎత్తాడు. అమ్మను చూశాడు, అక్కను చూశాడు. "ఉపాసమా? దేవకృపా, నువ్వు..." అని ఆగిపోయాడు.

"అవును సార్, ఉన్న," అంది అక్క. గోడకు ఆనుకుని, బరువంతా మంచి కాలి మీద పెట్టి నిలబడి ఉంది. "చెప్పకపోవుడు నా తప్పే. చిప్‌లు మార్చుడు వీని తప్పు. మరి మీరు? రోజు నా ముంగట నిలబడి చూసిండ్రు గద సార్. అలిసిన అని నోటితోని చెప్పిన గద. నా మాట కంటె గా డబ్బా మాటనే నిజమెట్లయింది?"

హరికిషన్ చిప్‌లు బల్ల మీద పెట్టాడు. కుర్చీ లాగి అక్క పక్కన పెట్టాడు. అక్క కూర్చోలేదు. నా వైపు తిరిగింది.

"ఎందుకు మల్ల మార్చలేరా?"

"మారుస్తే నన్ను టీంలకెల్లి తీసేస్తడని. రేపు మారుస్త, రేపు మారుస్త అనుకున్న."

"నన్ను ఉరికిస్తుంటె చూసుకుంట."

"అవు."

నాన్న తలుపు దాకా వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అమ్మ టీవీ మీది నీలిగీతనే చూస్తూ ఉంది.

"ఆనాడు గ్రౌండ్ల ఎవలో రాయి కొట్టిండ్రనుకొని నీ దిక్కు చూసిన," అంది అక్క. "రెండు చేతులెత్తినవ్."

"ఎత్తిన."

"ఇప్పుడెత్తు."

చేతులు జేబుల్లోంచి తీశాను. అవి ఛాతీ దాకా లేచి ఆగిపోయాయి.

"నేనే అక్కా," అన్నాను. "ఒక్కసారే మార్చిన. మల్ల మార్చలే."